పాఠంలో ఉన్న మనిషి

టీచర్ ట్రైనింగ్‌లో మేం మొదట నేర్చుకున్న మాటల్లో టీఎల్‌ఎం ఒకటి. బోధనకు పనికొచ్చే సామాను అన్నమాట. చింతగింజలు, వెదురు పుల్లలు, అగ్గిపెట్టెలు, చార్టులు, ఫ్లాష్ కార్డులు. పైసా ఖర్చు లేకుండా చుట్టుపక్కల దొరికే వాటితో చేసిన టీఎల్‌ఎంకి మెప్పు ఎక్కువ. కొండల్లో పనిచేసే మాకు ఆ విషయంలో లోటు లేదు. గింజలతో లెక్కలు చెప్పాం, ఆకులతో సైన్సు చెప్పాం. వాటితో పేచీ లేదు. నన్నెందుకు ఇలా వాడారని చింతగింజ అడగదు.

తెలుగు పాఠం, సోషల్ పాఠం దగ్గరికి వచ్చేసరికి సంగతి మారుతుంది. కథ, పాట, సినిమా, పేపర్లో వార్త, ఫోన్లో వీడియో ఇవన్నీ ఇప్పుడు తరగతి గదిలోకి వస్తున్నాయి. రావాలి కూడా. పద్యానికి ప్రతిపదార్థం రాయించి ఊరుకుంటే ఈ కాలపు పిల్లలకు చాలదు. రోజూ చూసేది, వినేది ఎవరు తయారు చేశారు, ఎవరి కోసం చేశారు, ఏం చూపించి ఏం దాచారు అని అడగడం వాళ్లకు అలవాటు కావాలి. అయితే ఈ సామానులో మనుషులున్నారు. మా బడుల్లో ఆ మనుషులు చాలాసార్లు మా వాళ్లే. మనిషిని టీఎల్‌ఎంగా వాడుకోవచ్చా? వాడుకుంటే ఎంతవరకు? ట్రైనింగ్ పుస్తకంలో ఈ ప్రశ్న లేదు. బడిలో మాత్రం తరచూ ఎదురవుతుంది.

డోలీ ఫోటోనే తీసుకుందాం. వానాకాలం వస్తే జిల్లా పేజీలో ఒకటైనా పడుతుంది. కర్రకు కట్టిన దుప్పటి, ముందొకరు వెనకొకరు, లోపల నొప్పులు పడుతున్న ఆడమనిషి, కాళ్ల కింద గెడ్డ నీళ్లు. ఫోటో కింద రెండు లైన్లు. రోడ్డు లేని ఊరి నుంచి నిస్సహాయ స్థితిలో గర్భిణి తరలింపు, అలాంటి మాటలు.

తొమ్మిదో తరగతిలో ఇలాంటి పేపర్ ముక్క ఒకటి ముందు పెట్టి, ఇందులో మీకేం కనబడుతోంది అని అడిగాం. పట్నం పిల్లలైతే పాపం అనేవారేమో. మా పిల్లలు ముందు మోసేవాళ్లను చూశారు. ముందున్న మనిషి పొట్టి, వెనకున్న మనిషి పొడుగు, దిగుడు దారిలో అయితే ఇలా మోయకూడదు అన్నాడు ఒకడు. ఇద్దరే కనబడుతున్నారు గాని వెనక ఇంకా పదిమంది ఉంటారు, భుజం మార్చుకోకుండా అంత దూరం ఎవరూ మోయలేరు అన్నాడు ఇంకొకడు. చేతిలో గిన్నె పట్టుకుని పక్కన నడిచే ముసలామె ఫోటోలో సగమే పడింది. ఆమె అత్తా, తల్లా అని కాసేపు వాదన. తర్వాత ఒక అమ్మాయి క్యాప్షన్ చదివి, ‘మాస్టారూ, ఇంతమంది మోస్తా ఉంటే నిస్సహాయం అంటారేటి? సహాయమే కదా’ అంది.

ఆ మాట మేం బోర్డు మీద రాశాం. పేపర్ చదవడం అంటే అదే. ఒక్క మాటను పట్టుకుని దాన్ని ఫోటో పక్కన నిలబెట్టి సరిపోయిందా అని చూడడం. అయితే అక్కడితో ఆగితే కూడా ప్రమాదమే. ఊరంతా కలిసి మోసింది, మన వాళ్లు ఎంత మంచోళ్లు అని మురిసిపోతే రోడ్డు వేయాల్సినవాడికి సుఖం. ఊరు చేసిన సాయం నిజం, సర్కారు చేయని పని కూడా నిజం. ఈ రెండూ ఒకే ఫోటోలో ఉన్నాయని పిల్లలు చూడగలిగారు. క్యాప్షన్ రాసినతను ఒకటే చూశాడు.

చివర్లో వచ్చిన ప్రశ్నే కష్టమైనది. ‘ఆమె మొహం ఎందుకు వేశారు మాస్టారూ?’

ఎవరూ మాట్లాడలేదు. పట్నంలో ఆసుపత్రి గేటు దగ్గర నొప్పులతో దిగే ఆడమనిషి ఫోటో పేపర్లో పడదు. తీస్తే ఆమె మొగుడు, అన్నదమ్ములు ఊరుకోరు. కొండ మీద నుంచి వచ్చే మనిషికి ఆ అడ్డు లేదు. మరి ఆ ఫోటో పడకపోతే ఎవరైనా పట్టించుకునేవారా? నిజం చెప్పాలంటే ఫోటో పడ్డాక ఆఫీసర్లు వచ్చిన ఊళ్లున్నాయి, కొలతలు తీసిన ఊళ్లున్నాయి, రోడ్డు పడిన ఊళ్లు కూడా ఉన్నాయి. అంటే రోడ్డుకు ఆమె మొహం ధర అయింది. ఆ ధర ఆమె చెప్పిందా, ఇంకెవరో చెప్పారా? ఆమెను అడిగే సమయం అది కాదు నిజమే. అడగడానికి వీలు లేని సమయంలో తీసుకున్నదాన్ని తర్వాత మనం ఎంత దూరం మోసుకెళ్లవచ్చు?

పేపరు వాళ్ల సంగతి వాళ్లకు వదిలేద్దాం. తరగతి మా చేతిలో ఉంది. అందుకని మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఇలాంటి ఫోటో పాఠంలోకి వస్తే ముందు మొహం మీద కాగితం ముక్క అతికిస్తాం. తర్వాతే పిల్లల చేతికిస్తాం, గోడ మీది ప్యానెల్‌లో చూపిస్తాం. అలా చేస్తే ఫోటోకు బలం తగ్గదా అని తోటి టీచర్లు అడిగారు. జాలికి బలం తగ్గుతుంది. చదవడానికి తగ్గదు. మొహం కప్పేశాక పిల్లల చూపు దారి మీదికి, గెడ్డ మీదికి, మోసేవాళ్ల చెప్పులు లేని కాళ్ల మీదికి పోయింది. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు, వంతెన ఎక్కడ కావాలి అని లెక్కలు మొదలయ్యాయి.

ఇక్కడ మా నియమం ఒకటి చెప్పుకోవాలి. పాఠంలో ఉన్న మనిషి ఇదే గదిలో, వెనక బెంచీ మీద కూర్చుని వింటున్నట్టు మాట్లాడాలి. మా బడుల్లో ఇది ఊహ కూడా కాదు. ఆ పేపర్లో మనిషి ఎవరో ఒక పిల్లకు వదినో, పిన్నో అవుతుంది. ఆశ్రమ పాఠశాలలో నలభై ఊళ్ల పిల్లలుంటారు. ఎవరి బాధ ఎవరి ఇంటిదో హాజరు పట్టీలో రాసి ఉండదు.

భాషలో కూడా ఈ సంగతి దాగి ఉంది. తెలుగులో మేం వేరు, మనం వేరు. ఎదుటి మనిషిని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేం. మా కువి భాషలో కూడా ఈ తేడా ఉంది, అందుకే పిల్లలు దీన్ని ఇట్టే పడతారు. పాఠం గానీ వ్యాసం గానీ ఇచ్చి, ఇందులో మనం అన్నచోట మీరున్నారా అని అడిగి చూడండి. మన అడవులను మనం కాపాడుకోవాలి అని ఒక వాక్యం. అందులో ఉన్నాం అంటారు. గిరిజనులు అమాయకులు, వారిని మనం చైతన్యవంతులను చేయాలి అని ఇంకో వాక్యం. ఒక నిమిషం ఆగి నవ్వుతారు. వారిని అంటే మనమే కదా, మరి మనం అంటే ఎవరు? వ్యాకరణం పీరియడ్‌లో ఇంతకంటే మంచి సామాను మాకు దొరకలేదు. అమాయక అనే మాట గిరిజన అనే మాటకు అతుక్కుని ఎన్నిసార్లు వస్తుందో పాత పేపర్లలో లెక్కపెట్టించడం కూడా మంచి పనే. బజ్జీలు కట్టిచ్చిన కాగితమైనా చాలు.

కాఫీ ప్యాకెట్ మీద బొమ్మ కూడా అలాంటిదే. అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చాక మన కొండల పేరు ప్యాకెట్ల మీద బాగా కనబడుతోంది. ఒక ప్యాకెట్ మీద ముక్కుకు మూడు పోగులు, మెడ నిండా పూసలు, నవ్వుతున్న ఆడమనిషి. మా పిల్లల ఇళ్లల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, చెట్లకు పాకిన మిరియం తీగలు ఉన్నాయి. పండు కోయడం, తొక్క తీయడం, ఎండబెట్టడం వాళ్లకు తెలుసు. ఈమె పేరు ప్యాకెట్ మీద ఎక్కడైనా ఉందా అని వెతికించాం. బరువు ఉంది, ధర ఉంది, గడువు తేదీ ఉంది. పేరు లేదు. ఆ రోజు పాఠం అంతే, ఇంకేం చెప్పలేదు.

సినిమా దగ్గర మాత్రం అంత తేలిగ్గా తేలదు. 2022 మార్చిలో ఆర్‌ఆర్‌ఆర్ వచ్చింది. ఆ సినిమాలో కొమురం భీం ఉన్నాడు, ఎత్తుకుపోయిన గోండు పిల్ల మల్లి ఉంది. మా పిల్లలు హాస్టల్లో ఆ పాటకు ఎగరని రోజు లేదు. పాటకు మరుసటి ఏడు ఆస్కార్ వచ్చింది. ఇది కల్పిత కథ అని తీసినవాళ్లే చెప్పారు. అసలు భీం ఆసిఫాబాద్ అడవుల్లో నిజాం అధికారులతో భూమి కోసం, అడవి కోసం పోరాడి 1940లో జోడేఘాట్ దగ్గర ప్రాణం వదిలాడు. సినిమాలో కథ 1920లో, ఢిల్లీలో, తెల్లదొరలతో నడుస్తుంది. తేడాల పట్టిక రాయించడం తేలిక. పది మార్కుల ప్రశ్న అవుతుంది.

కష్టం ఎక్కడంటే, పిల్లల సంతోషం దగ్గర. అంత పెద్ద తెర మీద మన మనిషి పేరు వినబడింది. అడవి మనిషి హీరో అయ్యాడు. ఇన్నాళ్లూ సినిమాల్లో ఈకలు పెట్టుకుని జింబో జింబో అని గంతులేసేవాళ్లుగానే కనిపించిన మనకు అది చిన్న విషయమా? ఆ సంతోషం మీద మేం నీళ్లు చల్లవచ్చా? విశ్లేషణ పేరుతో పిల్లవాడి చేతిలోంచి వాడికిష్టమైనది లాక్కోవడం టీచర్లకు సులువుగా అబ్బే విద్య. మా మట్టుకు మేం ముందు ఈలలు వేయనిస్తాం. వారం ఆగి, అప్పుడు ఒక్క ప్రశ్న అడుగుతాం. చివర్లో జెండా మీద అక్షరాలు ఎవరు రాశారు?

సినిమా చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఏం కావాలని రామ్ అడిగితే భీం తన వాళ్లకు చదువు కావాలంటాడు. జల్ జంగల్ జమీన్ అని జెండా మీద రామ్ చేతే రాస్తుంది. భీం పేరుతో మన నోళ్లలో ఇన్నేళ్లుగా నానిన నినాదం అది. అసలు భీం ఊరు విడిచి తిరిగిన రోజుల్లోనే చదవడం రాయడం నేర్చుకున్నాడని ఆయన గురించి రాసినవాళ్లు చెబుతారు. ఆయన పోయిన కొద్ది ఏళ్లకే హైమండార్ఫ్ పనిచేసిన మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ నడిచింది, గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి. గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల్లో గోండికి సొంత లిపే ఉంది. 2018లో అది యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. ఇవన్నీ పక్కన పెట్టి చూసినప్పుడు జెండా మీద రాసే ఆ చెయ్యి ఎవరిదన్నది చిన్న ప్రశ్న కాదు.

ఇంతా చెప్పాక ఒక కుర్రాడు వేరే చోటు చూపించాడు. భీం పులిని పట్టుకున్నాక దాన్ని క్షమించమని అడుగుతాడు కదా, అది మన పద్ధతే మాస్టారూ, ఇటుకల పండక్కి వేటకెళ్లినప్పుడు మా తాత కూడా అలాగే దణ్ణం పెడతాడు అన్నాడు. నిజమే. ఆ సన్నివేశం రాసినతనికి ఎక్కడో ఏదో తెలుసు, లేదా చక్కగా ఊహించాడు. సినిమాలో తప్పే ఉందని చూపించడానికి పాఠం పెడితే ఆ చోటు మాకు కనబడేది కాదు. జోడేఘాట్ పిల్లలు వెనక బెంచీలో ఉన్నారనుకుంటే జెండా సంగతి చెప్పక తప్పదు. సినిమా తీసినతను కూడా అక్కడే కూర్చున్నాడనుకుంటే పులి సంగతి కూడా చెప్పాలి.

దీని మీద ఒక అభ్యంతరం ఉంది, అది బలమైనదే. ఎదుట కూర్చున్నట్టు మాట్లాడాలంటే ఇక మొహమాటమే గాని విమర్శ ఎక్కడిది అని. మాకలా అనిపించదు. మా ఊళ్లల్లో తగువు తీర్చేటప్పుడు మనిషిని కూర్చోబెట్టే అడుగుతారు. బారిక వెళ్లి పిలుచుకొస్తాడు. మొహం మీదే మాట అంటారు, ఒక్కోసారి చాలా గట్టిగా అంటారు. లేని మనిషి మీద తీర్పు చెప్పరు. ఎదురుగా అనగలిగిన మాటకు ఆధారం కావాలి, అందుకే అది వెనక అనే మాట కంటే గట్టిగా నిలబడుతుంది.

రంప పోరాటం పాఠానికి కూడా ఇదే వర్తిస్తుంది, ఒక్క మాటలో చెప్పి ముందుకెళ్తాం. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడినవాళ్లలో అల్లూరి బొమ్మ మా పిల్లలంతా గీస్తారు. విల్లు, అంబులపొది, కాషాయం. 1974 సినిమా చూడని పిల్లలు కూడా ఆ సినిమాలో వేషమే గీస్తారు. గాం గంటందొర, మల్లుదొర అన్నదమ్ముల బొమ్మ గీయమంటే చేతులు ఆగిపోతాయి. జైలు నుంచి తిరిగొచ్చి 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లిన మల్లుదొర మొహం ఎలా ఉంటుందో తెలియదు. అల్లూరిని తగ్గించమని కాదు. పక్కన ఖాళీగా ఉన్న చోటు చూపించమని.

ఇప్పటిదాకా చెప్పినవి బయటివాళ్లు మన గురించి చేసినవి. మన ఇంట్లోవి బడికి తెచ్చేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. మీ ప్రాంతంలోని పాటలు, కథలు సేకరించండి అని తెలుగు పుస్తకంలో ప్రాజెక్టు పని ఇస్తారు. మంచి పనే. 2004లో మన రాష్ట్రంలో గోండి, కోయ, కువి, సవర వంటి ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన మొదలైనప్పుడు వాచకాలకు ప్రాణం పోసింది ఊళ్లోని పాటలు, కథలే. ఇప్పుడు పిల్లవాడు ఫోన్ తీసుకెళ్తాడు. అవ్వ పాడుతుంది, వీడు నొక్కుతాడు. సాయంత్రానికి ఆ పాట మూడు గ్రూపుల్లో తిరుగుతుంది. ఆ పాట నాట్లప్పుడు పాడేదా, చావు ఇంట్లో పాడేదా, దిసారి తప్ప వేరొకరు పలకకూడనిదా అని ఎవరూ అడగరు.

కొత్త పండగ సంగతి మనకు తెలియందా? మామిడి కాయ చెట్టున కనబడుతూనే ఉంటుంది. కొత్త పెట్టేదాకా నోట పెట్టం. చిక్కుడైనా అంతే, సామైనా అంతే. కాయ మనదే, చెట్టు మనదే, అయినా ఒకరిని అడిగి తినాలి, ఒక వేళ ఉంది. పాటకు కూడా అలాంటి వేళ ఉందంటే అది మూఢనమ్మకం అని తోసెయ్యకండి. అందుకని రికార్డింగు బడికి తేవడం కంటే అవ్వనే బడికి పిలవడం మేలని మా అభిప్రాయం. ఆవిడ కుర్చీలో కూర్చుని, ఏది పాడాలో ఆవిడే ఎంచుకుని పాడుతుంది. ఇది పాడనమ్మా అంటే ఆ పాట మనకు అక్కర్లేదు. కొన్ని పాటలు ఇలా పోతాయి కదా, ముసలివాళ్లు పోతే అవీ పోతాయి కదా అని బాధపడేవాళ్లున్నారు. ఆ బాధ మాకూ ఉంది. కానీ అడక్కుండా దాచిపెట్టిన పాట బతికి ఉన్నట్టా అనేది కూడా అంతే పెద్ద అనుమానం.

ఇంకొకటి ఉంది, చాలామంది ఒప్పుకోరు. మన కథలు మనవి కాబట్టి వాటిని ప్రశ్నించకూడదనే మాట మేం ఒప్పుకోం. కొండల్లో చెప్పుకునే కథల్లో చిల్లంగి పెట్టే ముసలమ్మ వస్తుంది. రాత్రి పూట పిల్లలను బెదిరించడానికి చెప్పినప్పుడు నవ్వులాటే. కానీ చిల్లంగి పెట్టిందనే అనుమానంతో మనుషులను కొట్టి చంపిన ఊళ్లున్నాయి మన మన్యంలో. ఊరి చివర ఒంటరిగా ఉండే ఆవిడను జనం ఎలా చూస్తారో మనందరికీ తెలుసు. ఆవిడ మనవడు మూడో బెంచీలో కూర్చుంటాడు. ఆ కథ మన సంస్కృతి అని చార్టు మీద బొమ్మ వేసి గోడకు తగిలిస్తే వాడు రోజూ దాన్ని చూస్తూ చదువుకోవాలి. సినిమాను అడిగిన ప్రశ్నే ఈ కథనూ అడగాలి. దీన్ని ఎవరు చెబుతున్నారు, ఎవరు వింటున్నారు, ఇందులో ఎవరికి మాట లేదు? ఒకసారి ఈ కథను ఆ ముసలమ్మ వైపు నుంచి చెప్పమని పిల్లలకు వదిలేశాం. చాలామంది రాతలు పేలవంగా ఉన్నాయి, దాచడమెందుకు. ఒక పిల్ల మాత్రం, ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చినా ఆవిడ తలుపు వేసుకుని లోపల కూర్చుంటుంది అని రాసింది. అంతకు మించి రాయలేదు.

మన యువకులతో ఒక మాట. ఇప్పుడు డోలీ వీడియో తీసేది పట్నం నుంచి వచ్చిన విలేకరి కాదు, మీరే. సిగ్నల్ కోసం కొండెక్కి పంపేది కూడా మీరే. దానివల్ల జరిగిన మంచి మాకు తెలుసు, ఆపమని అనడం లేదు. వీడియో తీసినప్పుడు ముందు దారి తియ్యండి, గెడ్డ తియ్యండి, మోసేవాళ్ల పేర్లు చెప్పండి, ఎన్ని గంటలకు బయల్దేరారో చెప్పండి. దుప్పటి లోపలికి ఫోన్ పెట్టకండి. ఆమె బిడ్డనెత్తుకుని ఇంటికొచ్చాక ఆ వీడియో ఆమెకు చూపించండి. వద్దంటే తీసేయండి. అప్పటికే అందరికీ వెళ్లిపోయిందంటారా, అయినా చూపించండి. ఆ బిడ్డ ఐదేళ్ల తర్వాత మా బడికే వస్తుంది.